కాలరక్క కడుపు మూగబోయిన ఏడాది

కాలరక్క రోజూ పొద్దున టీ గ్లాసు చేతిలో పట్టుకుని, కొడుకు మొదటి గుక్క తాగేదాకా ఆగేది. వాడు తాగి, మూతి తుడుచుకుని, లిఫ్టు రిపేరు సామాన్ల సంచీ భుజానికి తగిలించుకుని, కాళ్ల మీద సరిగ్గానే నిలబడ్డాడని చూసుకున్నాక తను తాగేది. అప్పటికి టీ చల్లారిపోయేది. ఆ చల్లటి టీని ఖాళీ కడుపులో పోసుకుని, నుదుటికి ఓ గుడ్డపేలిక బిగించి కట్టుకుని, కంపెనీకి బయల్దేరేది.

పేలిక కూడా కంపెనీదే. చొక్కా కాలర్ నిటారుగా నిలబడడానికి లోపల గట్టి గుడ్డ ఒకటి పెట్టి కుడతారు. దాన్ని కత్తిరించగా మిగిలిన ముక్క అది. ఆమె పని కాలర్లు కుట్టడం. ఒళ్లు కాదు, చేతులు కాదు, జేబులు కాదు, కాలర్లే. ఏళ్ల తరబడి అదే కుట్టి కుట్టి పేరు కూడా అదే అయిపోయింది. ఆ కాలర్లు తొడుక్కుని తల ఎత్తుకుని తిరిగేవాళ్లు ఊళ్ల నిండా ఉన్నారు. కుట్టిన మనిషి మాత్రం ఏడాదిగా తల ఎత్తలేకపోతోంది.

తలనొప్పి ఎడమ కన్ను వెనక మొదలయ్యేది. ముందు చిన్నగా, ఎవరో గోటితో గీకినట్టు. తరువాత సుత్తి. ఆ తరువాత కిటికీలోంచి వచ్చే వెలుతురు చూస్తే వాంతి. ఒకటి రెండు రోజులు వదిలేది, మళ్లీ వచ్చేది. చివరికి వదలడమే మానేసింది.

కాలరక్కకు కారణం తెలుసు. తెలుసని ఆమె అనుకుంది. కోడలు.

అలా అనుకోవడానికి ఆమె దగ్గర సాక్ష్యం కూడా ఉంది. అది ఆమె కడుపు.

కాలరక్క కడుపు మాట్లాడుతుంది. ఇది ఇంట్లో తెలిసిన సంగతే, వీధిలో తెలిసిన సంగతే. కడుపు గుర్రుమనడం ఎవరికైనా ఉన్నదే, ఈమెది మాటలు. కాస్త బొంగురు గొంతు, ముక్కుసూటి మనిషి గొంతు. చిన్నప్పుడు వాళ్లమ్మ, "ఏం తింటావే" అని పిల్లను అడిగేది కాదు, వంగి కడుపును అడిగేది. పెళ్లయిన కొత్తలో మొగుడు మొహమాటానికి "కూర బాగుంది" అంటే, "మాడిపోయింది కదయ్యా" అని కడుపే సరిదిద్దేది. ఆయన పోయినప్పుడు వచ్చిన చుట్టాల మధ్య, "దీనికి నిన్నటినుంచి ఎవరూ ఏమీ పెట్టలేదు" అని చెప్పి ఈమె చేత ఇంత తినిపించింది కూడా అదే. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు, "మీ కడుపు ఏదో అంటోందండీ, చూసుకోండి" అనేవాళ్లు. అంతే. దానికి పెద్దగా ఆశ్చర్యపోయినవాళ్లు లేరు. ఇంకో మనిషికి ఎడమచేతి వాటం ఉన్నట్టు, ఈమెకు ఇది.

అలాంటి కడుపు కోడలు ఇంట్లో అడుగుపెట్టిన కొద్ది రోజులకే నోరు మూసుకుంది. అప్పటినుంచే తలనొప్పి.

"నా కడుపు ఊరికే మూగబోతుందా?" అని కాలరక్క ఎదురింటావిడతో అంది. "దాని నోరు ఎవరో మూయించారు."

నిజానికి కిందటేడు ఒకేసారి రెండు సంగతులు జరిగాయి. కొడుక్కి పెళ్లయింది. కంపెనీ పాత రేకుల షెడ్డు వదిలి కొత్త హాల్లోకి మారింది. పాత షెడ్డులో మధ్యాహ్నం గంట కొడితే మిషన్లన్నీ ఆగేవి. అందరూ నేల మీద చతికిలబడి, ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్లు. కొత్త హాల్లో గంట తీసేశారు, వంతులు పెట్టారు. ఒక లైను తింటుంటే మిగతా లైన్లు కుడుతూనే ఉండాలి. చేతిలో ఉన్న కాలర్ల కట్ట కుట్టడం పూర్తయితేనే తినడానికి నీ వంతు. కట్ట అయ్యేలోపు ఇంకో కట్ట వచ్చి ఒళ్లో పడేది. మరుగుదొడ్డికి లేవాలంటే అడగాలి, అడిగితే చూపులు. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేశారు. పనిచేసే మనిషికి కడుపొకటి ఉంటుందని ఆ హాలు ప్లాను గీసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా వినేరకం కాదేమో.

ఈ రెంటిలో కాలరక్క మనసుకు పట్టింది మాత్రం పెళ్లే. కంపెనీని అనుమానించడం ఆమెకు అలవాటు లేదు. అన్నం పెట్టే చోటు కదా. ఇంట్లో అన్నం వండే చెయ్యిని అనుమానించడం సులువు.

పైగా కోడలు చేసే ఉద్యోగం ఒకటి. మందుల షాపులో. పొద్దస్తమానం ఆ అమ్మాయి చేతుల్లో సీసాలు, పొడులు, బిళ్లలు. ఇంటికొస్తే ఒంటి మీదనుంచి ఘాటైన మందుల వాసన.

మొదట్లో కాలరక్క చూసీచూడనట్టు చూసింది. కోడలు అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించేది. కొన్నాళ్లకు అత్తగారి కూర వేరే చిన్న గిన్నెలో తీయడం మొదలుపెట్టింది.

"నాకెందుకు వేరే?" అని కాలరక్క అడిగింది.

"మీకు కారం పడడం లేదు కదా అత్తయ్యా. రాత్రిళ్లు గుండె మంట అని లేచి కూర్చుంటున్నారు. అందుకని కారం, ఉప్పు తగ్గించి తీస్తున్నాను."

"నాకు మంట అని నేను నీకు చెప్పానా?"

"చెప్పలేదు. చూశాను."

నన్ను చూస్తోందన్నమాట, అనుకుంది కాలరక్క. ఆ రోజునుంచి ఆ చిన్న గిన్నె ముట్టలేదు. ఆకలి లేదని చెప్పి, వీధి చివర కొట్లో రొట్టె ముక్క కొనుక్కుని, గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. అయినా తలనొప్పి పోలేదు. అంటే నీళ్లలో ఏదో ఉంది. బిందె వేరు చేసుకుంది. పోలేదు. దిండు గలీబులో ఉందేమో. ఉతుక్కుంది. పోలేదు. ఎంత పోకపోతే అంత అనుమానం. ఇంకా కనిపెట్టలేని చోట ఎక్కడో పెడుతోంది, తెలివైన పిల్ల అనుకుంది.

కోడలు మాత్రం రోజూ పొద్దున బాక్సు కట్టి ఇచ్చేది. అన్నం, ఏదో ఒక ఆకుకూర, ఉడికిన గుడ్డు. కాలరక్క కాదనకుండా తీసుకునేది. కాదంటే తను కనిపెట్టేసినట్టు తెలిసిపోతుంది. కంపెనీ వెనక గోడ దగ్గర ఒక ఆడపిల్లి ఉండేది. ఎప్పుడో మధ్యాహ్నం దాటాక వంతు వచ్చినప్పుడు బాక్సు మొత్తం దాని ముందు బోర్లించేది. బోర్లించి, నిలబడి చూసేది. పిల్లి పడిపోతుందేమోనని.

పిల్లి పడిపోలేదు. మూతి నాక్కునేది. నెలలు గడిచేసరికి గుండ్రంగా తయారై గోడ మీదికి దూకడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే స్థితికి వచ్చింది.

"మీ కోడలు మన పిల్లిని బాగా చూసుకుంటోందే," అనేది గుండీల పెద్దమ్మ. పక్క మిషన్ మీద గుండీలు కుట్టే ముసలావిడ. కంపెనీలో ఎవరికీ భయపడని మనిషి, ఎందుకంటే అంత వేగంగా గుండీ కుట్టేవాళ్లు ఇంకొకరు లేరు.

"పిల్లులకు అది పనిచేయదేమో పెద్దమ్మా. మనుషులకు వేరు, జంతువులకు వేరు."

"అలాగైతే నువ్వు నీ ఎముకలు చూసుకో, దాని పొట్ట చూడు. ఎవరికి పనిచేస్తోందో తెలుస్తుంది."

కాలరక్కకు ఇలాంటి మాటలు నచ్చేవి కావు. ఈ పెద్దమ్మ కూడా కోడలితో మాట్లాడుతోందేమో అని కొన్నాళ్లు ఆవిడ మీద కూడా ఒక కన్నేసి ఉంచింది.

ఆమె నమ్మిన మనిషి ఒక్కతే, లైనమ్మ. లైను మొత్తాన్ని చూసుకునే సూపర్‌వైజరు. లైనమ్మ దగ్గర పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో అట్టముక్క అడ్డం పెట్టి రెండు అరలు చేసింది. ఒక అరలో సూదులు, ఇంకో అరలో తెల్ల బిళ్లలు. కంపెనీలో సూది విరిగితే ఒక పద్ధతి ఉంది. విరిగిన ముక్కలన్నీ ఏరి లైనమ్మ చేతిలో పెట్టాలి. ఆవిడ వాటిని కలిపి పూర్తి సూది అయిందో లేదో చూస్తుంది. అయితేనే కొత్త సూది. ముక్క తగ్గితే అది ఏ చొక్కాలో ఉందో, ఎవరి మెడలో గుచ్చుకుంటుందో తెలియదు కాబట్టి లైను మొత్తం ఆగిపోవాల్సిందే. తలనొప్పికి ఇన్ని లెక్కలు లేవు. చెయ్యి ఎత్తితే చాలు, లైనమ్మ నడుచుకుంటూ వచ్చి బిళ్ల అరచేతిలో పెట్టేది.

"కొత్త సూది, కొత్త తల," అనేది నవ్వుతూ. "కుట్టు."

సూదులతో పాటు ఆ బిళ్లలు కూడా పై అంతస్తు ఆఫీసునుంచే వచ్చేవి. ఎందుకొస్తున్నాయని ఎవరూ అడగలేదు. కాలరక్క మొదట్లో వారానికి ఒకసారి చెయ్యి ఎత్తింది. తరువాత రోజూ ఎత్తింది. తరువాత చెయ్యి ఎత్తకుండానే లైనమ్మ తెచ్చి పెట్టేది. నీళ్లు తాగితే లేవాలి కాబట్టి ఉమ్మితోనే మింగేది. మింగాక కాసేపు కన్ను వెనక సుత్తి ఆగేది. ఆగినంతసేపూ లైనమ్మ తల్లిలా కనిపించేది.

నొప్పి మరీ ముదిరాక కొడుకు బతిమాలి ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. కోడలి మందుల షాపుకు పై అంతస్తులోనే ఆయన గది. మెట్లెక్కుతూ ఆ సంగతి గమనించింది కాలరక్క. పెదవులు బిగించుకుంది.

డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు. మెడ తిప్పి చూశాడు. తరువాత అడిగాడు, "కడుపు ఎలా ఉంటోందమ్మా?"

"నొప్పి తలలో."

"తెలుసు. కడుపులో మంట, ఉబ్బరం ఏమైనా ఉందా? రోజూ విరేచనం సరిగ్గా అవుతోందా? వేళకు తింటున్నారా?"

తల నొస్తోందని వస్తే కడుపు గురించి ఎందుకడుగుతాడు? కింద షాపులోంచి ముందే కబురొచ్చింది, సందేహం లేదు. కాలరక్క కొడుకు వైపు చూసింది. వాడు గోడ మీది బొమ్మ చూస్తున్నాడు.

"తింటున్నాను," అంది.

"మాత్రలు ఏమైనా వాడుతున్నారా? ఒక్కోసారి అవే..."

"లేదు."

"మీ కడుపు మాట్లాడుతుందని విన్నాను. ఏమంటోంది అది?"

"ఏడాదిగా ఏమీ అనడం లేదు."

డాక్టరు ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి కాసేపు విన్నాడు. తల ఊపాడు. "మాట్లాడే కడుపు మాట్లాడడం మానేస్తే మంచిది కాదమ్మా. తలకూ దానికీ మధ్య దారి ఉంటుంది. ఇక్కడ చెడితే అక్కడ తెలుస్తుంది," అన్నాడు.

ఇంటికి వచ్చేదారిలో కాలరక్క, "ఇంకెప్పుడూ నన్ను అక్కడికి తీసుకెళ్లకు," అంది.

ఆ తరువాత కొద్ది రోజులకే అసలు గొడవ జరిగింది. ఒక సాయంత్రం ఆమె స్నానం చేసి బయటికొచ్చేసరికి కోడలు ఆమె చేతిసంచీ ముందేసుకుని కూర్చుని ఉంది. సెలవు రోజుల కోసం లైనమ్మ కాగితంలో చుట్టి ఇచ్చిన బిళ్లలు ఆ అమ్మాయి అరచేతిలో ఉన్నాయి.

"నా సంచీలో నీ చెయ్యి ఎందుకుంది?"

"బాక్సు తీద్దామని తెరిచాను అత్తయ్యా. ఇవి ఎవరిచ్చారు? రోజూ వేసుకుంటున్నారా?"

"అక్కడ పెట్టు."

"ఖాళీ కడుపుతో వేసుకుంటే లోపల పుండు పడుతుంది. రోజూ వేసుకుంటే తలనొప్పి పోదు, అవే తెస్తాయి. షాపుకు వచ్చేవాళ్లకు మేం రోజూ చెప్పేదే..."

కాలరక్క నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదలు, ఆ నవ్వు చూసి కొడుకు వంటింట్లోంచి బయటికొచ్చాడు.

"విన్నావురా? తలనొప్పి బిళ్ల తలనొప్పి తెస్తుందట. అన్నం తింటే ఆకలి వేస్తుందట. ఇంకేం చెబుతావమ్మాయ్?"

"అమ్మా, ఆమె చెప్పేది వినొచ్చు కదా. మందుల షాపులో పనిచేస్తోంది..."

"అదే కదరా నేనూ అంటోంది. మందుల షాపులో పనిచేస్తోంది." ఆమె గొంతు తగ్గించింది. "నా కడుపు నోరు పడిపోయింది ఎవరొచ్చాక? నాకు ఊపిరాడేలా చేసేది ఈ ఒక్క బిళ్ల. అది కూడా లాక్కుంటోంది. ఈ ఇంట్లో ఆ అమ్మాయి ఉండాలో, నేనుండాలో నువ్వే తేల్చు."

కొడుకు ఏమీ తేల్చలేదు. లిఫ్టు మధ్యలో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో వాడికి తెలుసు. దీనికి తెలియలేదు. తేల్చింది కోడలే. మర్నాడు పొద్దున టీ దగ్గర, ఏడవకుండా, మామూలు గొంతుతో చెప్పింది.

"సాయంత్రం మా అక్క వాళ్లింటికి వెళ్లిపోతున్నాను అత్తయ్యా. ఇక రాను. ఆయనకు నేను కావాలంటే ఆయనే అక్కడికి రావాలి. విషం పెడుతున్నానని అనిపించుకుని వండలేను." తరువాత బాక్సు ముందుకు జరిపింది. "ఇదిగో."

"పోయేదానివి, ఇదెందుకు కట్టావు?"

"మీరు పనికి వెళ్తున్నారు కదా," అంది కోడలు.

కాలరక్క బాక్సు తీసుకుంది. గెలిచినట్టు అనిపించాలి, అనిపించలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ బాక్సు ఒళ్లో వేడిగా తగులుతూనే ఉంది. ఈ రోజు తప్పకుండా ఏదో కలిపి ఉంటుంది, ఆఖరి రోజు కదా, అనుకుంది.

మధ్యాహ్నానికి సుత్తి మొదలైంది. లైనమ్మ వచ్చి బిళ్ల పెట్టింది. మింగింది. ఆ రోజు సుత్తి ఆగలేదు. కాలర్ మూల తిప్పే చోట గుడ్డ దళసరిగా ఉంటుంది, అక్కడ చెయ్యి నిదానించాలి. ఎడమ కన్ను ముందు వెలుగు గీతలు మెరుస్తుంటే ఏ మూల ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. కాలితో పెడలు గట్టిగా నొక్కేసింది. టక్కుమని సూది విరిగింది.

మొదలు దొరికింది. నడిమి ముక్క దొరికింది. మొన దొరకలేదు.

ఆమె గుడ్డ దులిపింది. మిషన్ పళ్లెం తీసి చూసింది. నేల మీద పాకి చూసింది. లేదు. కాలర్ మడత విప్పి చూసింది. లేదు. చెయ్యి ఎత్తింది.

లైనమ్మ ముఖం మాడిపోయింది. కొత్త హాల్లోకి వచ్చాక మొన దొరకకపోవడం అదే మొదలు. "అన్నీ ఆపండి," అంది. "చేతులు బల్ల మీద. ఎవరూ లేవద్దు. ఫ్యాన్లు కూడా ఆపండి, పేలికలు ఎగురుతాయి."

ఒక లైను ఆగింది. ఆ కాలర్లు ఏ లైనుకు వెళ్లాయో తెలియదు కాబట్టి పక్క లైను ఆగింది, దాని పక్కది ఆగింది. ఆఖరి మిషన్ గరగర ఆగాక, ఫ్యాను రెక్కలు మెల్లగా నిలిచాక, ఆ హాల్లో ఏడాదిగా ఎవరూ వినని నిశ్శబ్దం వచ్చింది. లైనమ్మ చేతిలో అయస్కాంతం బల్లల కింద జరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వినిపించింది.

"...ఏమే, ఒసేయ్, నీకే చెబుతున్నాను, వినవేమే..." అని ఎవరో అరిచి అరిచి గొంతు పోయినట్టు.

అందరూ తలలు తిప్పారు. కాలరక్క తన ఒళ్లోకి చూసుకుంది.

"అమ్మయ్య, బతికే ఉంది," అంది గుండీల పెద్దమ్మ.

"ఇదీ ఒక బతకడమేనా," అంది కడుపు. మిషన్లు ఆగాయని అప్పుడే తెలిసినట్టుంది, గొంతు తగ్గించింది. "ఏమిటి, ఇప్పుడు వినిపిస్తోందా?"

కాలరక్క అడిగింది, "ఏడాదిగా ఎందుకు మాట్లాడలేదు నువ్వు?"

"నేనా? రోజూ ఈ వేళకు అరుస్తూనే ఉన్నాను. పొద్దున నేను నిద్ర లేచేలోపే చల్లటి టీ పోసి పరిగెత్తుతావు. సాయంత్రానికీ, సెలవు రోజుకీ నాలో మాట్లాడే ఓపిక ఉండదు. ఎండుకుపోయి పడి ఉంటాను. నాకు గొంతు లేచేది మధ్యాహ్నం. ఆ వేళకు ఈ హాల్లో నీ మాట నీకే వినిపించదు, నా మాట ఏం వినిపిస్తుంది?"

లైనమ్మ అయస్కాంతం పట్టుకుని నిలబడిపోయింది. "దాన్ని కాసేపు మూసుకోమను అక్కా. మొన వెతకాలి."

"అది నా మాట వినదు," అంది కాలరక్క. ఆమెకు అప్పుడే ఇంకో సంగతి తట్టింది. ఇంతమంది ఉన్నారు. ఇంతకంటే సాక్షులు ఎక్కడ దొరుకుతారు? ఒళ్లోకి వంగి, అందరికీ వినిపించేలా అడిగింది. "మా కోడలు నీకేం పెట్టిందో చెప్పు. భయపడకు. ఈ ఏడాదీ ఏం పెట్టింది?"

హాలు మొత్తం ముందుకు వంగింది.

"ఆ పిల్ల చేతి వంట నాకేం తెలుసే?" అంది కడుపు. "ఒక్క ముద్దైనా నా దాకా రానిచ్చావా? పిల్లినడుగు."

ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. కాలరక్క నవ్వలేదు.

"మరి నా తలనొప్పి?"

"అదా. అది నేను పంపిన కబురు. నేను అరిస్తే వినలేదని తల చేత చెప్పించాను. తల నొస్తే ఎవరైనా ఆగుతారు కదా అని. నువ్వు దాని నోట్లో కూడా బిళ్ల కుక్కావు. ఆ బిళ్ల వచ్చి పడేది నా మీద. నాలో మెతుకు లేదు, చుక్క నీళ్లు లేవు, పచ్చి పుండు మీద పడ్డట్టు పడేది. నేను మళ్లీ పైకి కబురు పంపేదాన్ని. నువ్వు మళ్లీ బిళ్ల వేసేదానివి. ఇప్పుడే ఇంకోటి వేశావు. ఇంకా లోపల మండుతోంది, కావాలంటే చెయ్యి పెట్టి చూసుకో."

కాలరక్క చెయ్యి పెట్టి చూసుకుంది. పొట్ట వెన్నుకు అంటుకుపోయి ఉంది.

లైనమ్మ డబ్బా మూత పెట్టేసింది. "నన్నలా చూడకండి," అంది ఎవరూ ఏమీ అనకముందే. "పైనుంచి ఇస్తే పంచాను. నేనూ వేసుకుంటున్నాను. మీకంటే ఎక్కువే వేసుకుంటున్నాను."

మిగతావాళ్ల కడుపులకు మాటలు రావు. కానీ గుర్రుమనడం వచ్చు. ఆ నిశ్శబ్దంలో, చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల లైన్లలో, ముందు ఒకటి గుర్రుమంది. దానికి ఇంకోటి. తరువాత ఇక ఏది ఎవరిదో తెలియలేదు.

గుండీల పెద్దమ్మ లేచి నిలబడింది. లేవకూడదని తెలిసి కూడా లేచింది. కాలరక్క దగ్గరికి వచ్చి, ముఖం మీద ముఖం పెట్టినట్టు వంగి చూసి, రెండు వేళ్లతో ఆమె నుదుటి పేలికలోంచి ఏదో లాగింది.

సూది మొన. ఎడమ కనుబొమ్మ పైన, గుడ్డలో నిలువుగా దిగి ఉంది. ఇంకొంచెం కిందికి వచ్చి ఉంటే కన్ను.

"ఊరంతా వెతుకుతున్నావు," అంది పెద్దమ్మ, మొనను లైనమ్మ అరచేతిలో పెడుతూ. "నీ తల మీదే పెట్టుకుని."

సూది పూర్తయింది. పద్ధతి ప్రకారం మిషన్లు మొదలుపెట్టాలి. లైనమ్మ "కుట్టండి" అంది. ఎవరూ కుట్టలేదు. పెద్దమ్మ తన బాక్సు తెరిచి బల్ల మీద పెట్టింది. ఆ పక్కామె తెరిచింది. ఎవరి వంతూ రాలేదు, ఎవరి కట్టా అవలేదు. అయినా హాలంతా మూతలు తీస్తున్న చప్పుడు. లైనమ్మ కాసేపు నిలబడి చూసింది. పై అంతస్తు కిటికీ వైపు చూసింది. తరువాత ఒక స్టూలు లాక్కుని కూర్చుని, "ఎవరైనా నాకూ ఒక ముద్ద పెట్టండి," అంది.

కాలరక్క తన బాక్సు తెరవలేదు. దాన్ని సంచీలో పెట్టుకుని లేచింది.

"ఎక్కడికక్కా? మధ్యలో పోతే పైన నేనేం చెప్పాలి?"

"తలనొప్పి అని చెప్పు," అంది కాలరక్క.

బస్సులో కడుపు సణుగుతూనే ఉంది. నిలబడి ఉన్న ఆమెను చూసి ఒకాయన లేచి, "కూర్చోండమ్మా, మీ కడుపు చాలా బాధల్లో ఉన్నట్టుంది," అని చోటిచ్చాడు. కూర్చుంది. తలలో సుత్తి కొడుతూనే ఉంది. అది ఆ రోజు ఆగలేదు, ఆ వారం ఆగలేదు. బిళ్లలు మానేసిన కొత్తలో ఇంకా ఎక్కువ కొట్టింది, గోడకు తల ఆనించుకుని ఏడిపించింది. కడుపు నోటి మాటతో ఒక్కపూటలో ఎలా నయమవుతుంది, అది ఏడాది పాటు పోసి పెంచిన నొప్పి. కానీ ఆ రోజు బస్సులో ఆమె భయం దాని గురించి కాదు. బండి ప్రతి స్టాపులోనూ ఆగుతోంది. సాయంత్రం అంది ఆ అమ్మాయి. సాయంత్రం అంటే ఎప్పుడు?

ఇంటి తలుపు తీసి ఉంది. కొడుకు ఆటో కోసం వెళ్లాడు. గుమ్మంలో ఒక బట్టల సంచీ, దాని పక్కన కోడలు. అత్తగారు ఆ వేళప్పుడు రావడం చూసి సంచీ చేతిలోకి తీసుకుంది, దారికి అడ్డం లేకుండా జరిగింది.

కాలరక్కకు ఏదో ఒకటి అనాలని ఉంది. బస్సు దిగినప్పటినుంచి మాట కోసం వెతుకుతూనే ఉంది. తప్పైపోయిందని ఆమె జీవితంలో ఎవరితోనూ అనలేదు. ఆమె లెక్కలో తప్పెప్పుడూ ఎదుటివాళ్లదే, ఆమెకు ఆ మాటతో పని పడలేదు.

అందుకని లోపలికి వెళ్లి, వంటింటి గడప మీద కూర్చుని, సంచీలోంచి బాక్సు తీసింది. మూత తీసింది. అన్నం చల్లబడిపోయింది. ఆకుకూర అన్నానికి అంటుకుని ఉంది. గుడ్డు రెండు ముక్కలుగా కోసి పక్కన పెట్టి ఉంది.

కోడలు గుమ్మంలోంచి చూస్తోంది.

కాలరక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏడాది అలవాటు అంత తొందరగా పోదు. ముద్ద వాసన చూసింది. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకోటి పెట్టుకుంది. గుడ్డు సగం తింది. వీధిలో ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

ఖాళీ ఇంట్లోకి మనుషులు సామాన్లు తెచ్చి దించుతున్నట్టు ఆమె లోపల ఏదో కదిలింది. తరువాత బొంగురు గొంతు లేచింది. అత్తకు కాదు, గుమ్మం వైపుకే చెప్పింది.

"బాగుందమ్మా. ఉప్పే కాస్త తక్కువైంది. రేపు కొంచెం వెయ్యి."

కోడలు అలాగే నిలబడింది. ఆటో మళ్లీ హారన్ కొట్టింది. కాలరక్క తలెత్తకుండా, మెతుకులు అంటిన చేత్తోనే, పక్కన నేల మీదున్న చెంబును కాస్త అటు జరిపింది, ఇంకో మనిషి కూర్చోవడానికి పట్టేటంత.

"రేపటిదాకా ఎందుకు," అంది కోడలు. సంచీ గుమ్మంలోనే దించి, ఉప్పు డబ్బా కోసం లోపలికి వెళ్లింది.